కొసరుపిన్ని కోటు

మా అమ్మ చెల్లెల్ని ఇంట్లో అందరూ కొసరు అనేవాళ్ళు. మా అమ్మ పెద్దది, తర్వాత ముగ్గురు మామయ్యలు, ఇక పిల్లలు చాలనుకున్నాక ఎన్నో ఏళ్ళకు పిన్ని. కూరలవాడు తూకం అయిపోయాక పైన పడేసే గుప్పెడన్నమాట. "మీరంతా బేరమాడి కొన్నవాళ్ళు, నేను ఊరికే వచ్చినదాన్ని" అని తనే నవ్వేది. నాకు మాత్రం ఆ పిలుపు వింటే ఒళ్ళు మండేది. సరదాకే పిలిచారు, కాదనను. కానీ సరదాకు పెట్టిన పేరు కూడా మనిషికి అంటుకుంటుంది.

కావాలంటే ఆవిడ బీరువా తెరిచి చూడాల్సింది. ఆవిడ కోసమని కొన్న బట్ట ఒక్కటంటే ఒక్కటి ఉండేది కాదు. చిన్నప్పుడు మామయ్యల స్వెట్టర్లు, పెద్దయ్యాక మా అమ్మ గౌన్లు, మా అమ్మ కోట్లు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేది మా అమ్మ! ఆ వడ్డన చూసి తీరాలి. పాత కోటు మడతపెట్టి, దానకర్ణుడికి అక్కగారిలా నడిచొచ్చి, "మంచి ఉన్నే. నేను తొడిగింది కూడా తక్కువే" అంటూ బల్ల మీద పెట్టేది. మోచేతుల దగ్గర బట్ట అరిగి మెరుస్తూ ఉండేది. అయినా తక్కువే తొడిగిందట.

పిన్ని ఒక లాండ్రీలో పనిచేసేది. ముందు గదిలో గిరాకీ, వెనక గదిలో ఆవిరి, తడి ఉన్ని వాసన, కిటికీ పక్కన కుట్టుమిషన్. లూజు తగ్గించడం, అంచు దించడం, జిప్పు మార్చడం ఆవిడ పని. ఏడాది దాటినా ఎవరూ వచ్చి తీసుకోని బట్టలను పనివాళ్ళు తీసుకోవచ్చని ఆ షాపులో ఓ పద్ధతి ఉండేది. అలా ఎవరో మరిచిపోయిన చొక్కాలు కూడా పిన్ని ఒంటిమీదికి చేరేవి. నేను అప్పుడే ఆ వీధిలోనే బస్సు టిక్కెట్ల కౌంటర్లో కొత్తగా చేరాను. మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని పిన్ని దగ్గరికి పోయేదాన్ని. ఇస్త్రీపెట్టెల వేడికి ఆ గది చలికాలంలో ఎంత వెచ్చగా ఉండేదో! ఇప్పటికీ ఎక్కడైనా తడి ఉన్ని వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది.

ఒక సాయంత్రం పిన్ని మా అమ్మ కోటు వేసుకుని మా ఇంటి మెట్లెక్కుతోంది. వెనకాలే వచ్చిన నాన్న ఆ కోటు చెయ్యి పట్టుకుని, "ఏమేవ్, తాళంచెవి నీ దగ్గరుందా, నా దగ్గరుందా?" అన్నాడు. పిన్ని తిరిగి చూసి, "కోటు మీ ఆవిడదే బావా, లోపలున్నదే వేరు" అంది. నాన్న నాలిక కరుచుకున్నాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. పిన్ని కూడా నవ్వింది.

మర్నాడు భోజనాల దగ్గర నాతో అంది. "నిన్న బావ పిలిచినప్పుడు నేనేం చేశానో తెలుసా? తాళంచెవి కోసం జేబులు వెతికానే. రెండు జేబులూ వెతికాక గుర్తొచ్చింది, నేను అక్కని కాదు కదా అని."

నాకు నవ్వు రాలేదు.

ఆ చలికాలానికి అమ్మ కొత్త కోటు కొనుక్కుని, పాతది యథాప్రకారం మోసుకుని లాండ్రీకి వచ్చింది.

"వద్దక్కా. ఈసారి నా కోటు నేనే కుట్టుకుంటా" అంది పిన్ని.

"ఏం, నా కోటుకేం మాయరోగం వచ్చింది?"

"కోటుకేం, బంగారంలా ఉంది. నాకే వద్దు."

"అబ్బో, రెక్కలొచ్చాయి మా తల్లికి!" అని అమ్మ కోటు చంకలో పెట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది. అమ్మకు కోపం ముక్కుమీదే ఉంటుంది. దిగడానికి మాత్రం మెట్లుండవు. ఆ రోజునుంచి చెల్లెలితో మాటల్లేవు. "మీ పిన్నికి చెప్పు" అని ఇక్కడ, "మీ అమ్మకి చెప్పు" అని అక్కడ. రెండువైపులా వాయించడానికి నేనొక మద్దెలలా దొరికాను.

గుడ్డ కొనడానికి నేనే వెంట వెళ్ళాను. షాపతను తానులన్నీ పరిచి, "ఏ రంగు చూపించమంటారు?" అనడిగాడు.

"మా అక్కకి నీలం ఇష్టం" అంది పిన్ని.

"అక్కగారికా కోటు?"

"కాదండీ, నాకే."

"మరి మీకేది ఇష్టం?"

పిన్ని బిక్కమొహం వేసింది. పాపం, ఆ ప్రశ్న ఆవిణ్ణి అంతవరకూ ఎవరడిగారు గనక! తానులన్నీ తడుముకుంటూ గదంతా తిరిగి, ఓ మూల ఇటుకరంగు ఉన్ని దగ్గర ఆగింది. మా ఇంట్లో అలాంటి రంగు ఎవరూ కట్టి ఎరగరు. దాన్ని గడ్డం కింద పెట్టుకుని అద్దంలో చూసుకుంటే, ఆవిడ మొహానికి ఆ కళ ఎక్కడినుంచి వచ్చిందో! "ఇదే" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

లాండ్రీ పని ముగిశాక కూర్చుని కుట్టుకుంది. కాలరుకు రెండుసార్లు కుట్టు విప్పి మళ్ళీ వేసింది. గుండీలకు దారం మైనంలో లాగింది. పూర్తయిన రోజు నన్ను పిలిచి, అద్దం ముందు నిలబడి తొడుక్కుంది.

చేతులు వేళ్ళదాకా వచ్చేశాయి. భుజాలు జారాయి. నడుం దగ్గర ఇంకో మనిషి పట్టేంత చోటు.

పిన్ని కాసేపు అద్దం వంకే చూసి, ఉన్నచోటే కూలబడింది. "ఇది అక్క కొలతే" అంది.

నిజమే. ఇన్నేళ్ళూ ఆవిడ చేసింది ఒక్కటే పని. అమ్మ కోటు విప్పడం, అద్దం ముందు గుండుసూదులు గుచ్చుకుని ఒంటికి అతికేదాకా కుదించుకోవడం. అమ్మ భుజం ఎంతో, చెయ్యి పొడుగెంతో ఆవిడ వేళ్ళకు కంఠతా వచ్చు. తన ఒంటిమీద టేపు పెట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. కత్తెర పట్టేసరికి చెయ్యి తెలిసిన దారినే పోయింది.

"దానికేముంది పిన్నీ, కుదించెయ్! నీకది చిటికెలో పని" అన్నాను.

"ఇదీ కుదించుకోవడమేనా?" అని నా మీద ఇంతెత్తున లేచింది. "పుట్టినప్పట్నుంచీ కుదించుకుంటూనే ఉన్నా కదే! ఇంక నా వల్ల కాదు. పోనీ, నాకు రాసిపెట్టి లేదనుకుంటా." కోటు విప్పి కుర్చీమీద పడేసింది. అంత సరదా మనిషి అలా అనడం నేనెప్పుడూ వినలేదు. ఆ కోటు అక్కడితో పోతే ఆవిడ ఇంకోసారి అడగదని నాకు అర్థమైంది.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. నాకోసమని వంక, కానీ ఉప్పూకారం లేని కూడులా ఉందట చెల్లెలితో మాట్లాడక. అది తర్వాత చెప్పింది. కుర్చీమీద కోటు చూసి, ఎవరినీ అడక్కుండా తొడిగేసుకుంది. అచ్చు కొలిచి కుట్టినట్టు అతుక్కుపోయింది. అద్దంలో అటూ ఇటూ తిరిగింది. కళ్ళలో నీళ్ళు.

"నాకోసమా ఇదంతా? పిచ్చిమొహమా, ముందే చెప్పి చావచ్చు కదే! నేనేమో నిన్ను నానా మాటలూ అన్నాను."

పిన్ని ఊఁ అంటే చాలు. అక్కతో రాజీ అయిపోతుంది, పాత కోటు మళ్ళీ వస్తుంది, అంతా ఎప్పటిలాగే నడిచిపోతుంది. పిన్ని ఊఁ అనేస్తుందనే అనుకున్నాను. పుట్టినప్పట్నుంచీ ఊఁ అన్న మనిషి.

"కాదక్కా" అంది పిన్ని. "నాకోసమే కుట్టుకున్నాను. నీ కొలతకి కత్తిరించేశాను. నా కొలత నాకు తెలీదు."

అమ్మ మొహం మాడిపోయింది. ఇంకేముంది, ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. కానీ అమ్మ మెల్లిగా గుండీలు తీసి, కోటు విప్పి, బల్లమీది టేపు అందుకుంది.

"లేచి నిలబడు."

"ఎందుకక్కా?"

"నోరు మూసుకుని నిలబడు."

మెడ దగ్గర టేపు తగలగానే పిన్ని మెలికలు తిరిగిపోయింది. "కదలకే!" "చక్కిలిగిలి అక్కా!" "ఇంత వయసొచ్చి చక్కిలిగిలేమిటే?" "నాకెవరైనా ఎప్పుడైనా టేపు పెట్టారా?" అమ్మ రెండు భుజాలూ కొలిచి, మళ్ళీ కొలిచింది.

"ఎడమ భుజం కిందికుందేమే?"

"మిషన్ మీద వంగి వంగి. ఎప్పట్నుంచో."

"నాకు కనబడనే లేదు" అంది అమ్మ. "నా కోట్లల్లో నువ్వు నాకు కనబడనే లేదే." అని ఆ భుజం మీద తల పెట్టి భోరుమంది. పిన్ని నవ్వింది, తర్వాత తనూ ఏడ్చింది. నా సంగతి చెప్పక్కర్లేదు.

కళ్ళు తుడుచుకుని అమ్మే బ్లేడు తీసింది. "కుదించద్దు. మొత్తం విప్పేద్దాం. ముక్కలు ముక్కలు చేసి మళ్ళీ మొదటినుంచి కత్తిరించు." అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని కుట్లు విప్పారు. అమ్మ చెయ్యి ఆ ఇటుకరంగు ఉన్నిని నిమురుతూనే ఉంది. ఆవిడకది ఎంత నచ్చిందో నాకు తెలుసు.

రెండోసారి కుట్టిన కోటు పిన్ని బతికినంతకాలం వేసుకుంది. అది వేసుకున్న రోజు నడకే వేరు, వీధిలో పలకరింపే వేరు. ఆవిడ పోయాక వస్తువులు సర్దుతుంటే ఒక్కొక్కళ్ళం దాన్ని తొడిగి చూశాం. అమ్మకి చేతులు దూరలేదు. నాకు ఎడమ భుజం దగ్గర బట్ట కిందికి లాగేస్తోంది. "కాస్త విప్పి సరిచేయించుకుంటే వాడుకోవచ్చు, మంచి ఉన్ని" అంది మా అత్త ఒకావిడ.

"దాని జోలికి వెళ్ళకండి" అంది అమ్మ, కోటు ఒళ్ళోకి లాక్కుని. "అది మా చెల్లెలిది. ఇంకెవరికీ పట్టదు."