ప్రకటన మధ్యలో లేచినవాడు

నా జీవితంలో ఒకే ఒక్కసారి ఒక పెళ్ళి ఆపాను. ఆపింది గట్టిగా ఒక గంట. ఆ గంటలో ఒక డ్రాయింగు మాస్టారి కుటుంబం పరువు, ఒక పెద్దావిడ బీపీ, నా ప్రేమ, మా అప్పలరాజు అడిగి తెచ్చిన బండి సైలెన్సరు అన్నీ గల్లంతయ్యాయి. సైలెన్సరు సంగతి అందరూ మరిచిపోయారు గాని, మిగతాది మాత్రం మా చుట్టాల్లో ఎవరింట్లో కేకు కోసినా మళ్ళీ మొదటినుంచీ మొదలవుతుంది. వాళ్ళు చెప్పేదాంట్లో నేను బల్ల ఎక్కి అరిచానంటారు. శుద్ధ అబద్ధం. నేలమీదే నిలబడి అరిచాను.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. ఆటోనగర్లో ఒక వర్క్‌షాపులో పని. లేతు మిషను మీంచి దిగిన ప్రతి షాఫ్టునీ కొలిచి, ఇది పాసు, ఇది ఫెయిలు అని చెప్పడమే నా ఉద్యోగం. ఒక్కో ముక్కని మూడు చోట్ల కొలిస్తే గాని రిజెక్టు అనేవాణ్ణి కాదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తానని ఓనరుగారు నన్ను నలుగురిలో మెచ్చుకునేవారు.

ఇంత జాగ్రత్తపరుణ్ణి వర్క్‌షాపు గేటు దాటానంటే చాలు, నిలకడ ఉండేది కాదు. టీ నిలబడి తాగేవాణ్ణి. బస్సు ఆగకముందే దిగేవాణ్ణి. ఎదుటివాడి మాట సగంలో ఉండగానే "అర్థమైంది" అనేవాణ్ణి. కుదురుగా కూర్చునేది ఒక్క సినిమా హాల్లోనే. అందుచేత నాకున్న లోకజ్ఞానమంతా అక్కడిదే. అక్కడ నేర్చుకున్నదేమిటంటే, పెళ్ళనేది ఎవరో ఒకరు వచ్చి ఆపడానికే పెట్టుకుంటారని.

కరుణ పరిచయం కూడా ఈ నిలకడలేనితనం వల్లే. ఏడాదికోసారి మా వర్క్‌షాపులో అందరికీ రక్తపరీక్షలు చేస్తారు. ల్యాబు నుంచి వచ్చినమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "కదలకండి" అంది. నాతో ఆమె అన్న మొదటి మాట అదే. నేను కదిలాను. సూది మళ్ళీ గుచ్చింది. "కదలకండి అన్నానా?" అంది. ఈసారి కళ్ళు తిరిగి పడిపోయాను. లేచి చూస్తే నా మొహం మీద నీళ్ళు చల్లుతోంది. ఇంకేం కావాలండీ మనిషికి!

అక్కణ్ణించి పద్నాలుగు నెలలు గాజువాక బస్సులో ప్రేమించుకున్నాం. మాదీ వాళ్ళదీ క్రైస్తవ కుటుంబాలే గాని, మా చర్చి గాజువాకలో, వాళ్ళది ఊళ్ళో, పోర్టు వైపు. వాళ్ళ నాన్నగారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు, ఎవరినైనా గీత గీసినట్టు చూస్తారట. కరుణకి ఒక అక్క, పేరు శాంతి, హైదరాబాదులో ఉద్యోగం. అక్క పెళ్ళయ్యాకే ఇంట్లో నా మాట ఎత్తుతానని కరుణ మొదట్లోనే చెప్పింది.

ఒక బుధవారం బస్సులో నేను ముందురోజు చూసిన సినిమా క్లైమాక్స్ చెబుతున్నాను. హీరో గోడ దూకాడు, గుర్రం ఎక్కాడు, మండపంలోకి వచ్చాడు. మధ్యలో కరుణ ఏదో అంది. "ఊ" అన్నాను. మళ్ళీ ఏదో అంది. "ఊఊ, విను, తాళి ఇంకా ఇంత దూరంలో ఉందన్నమాట..." అన్నాను. ఆమె స్టాపులో దిగిపోయింది. పాఠకులు ఈ "ఊ" ని దయచేసి గుర్తుపెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

మర్నాటి నుంచి కరుణ ఫోను స్విచాఫ్. బస్సులో లేదు. ఒక రోజు, రెండు రోజులు. నేను తిన్నది ఏమిటో నాకే తెలీదు. మంచి షాఫ్టులు నాలుగు రిజెక్టు చేశాను. పాపం, వాటికి ఏ దోషమూ లేదు.

లేతు మీద పనిచేసే అప్పలరాజు నన్ను చూడలేకపోయాడు. వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. వీడొక్కడే వలలు వదిలి ఇనుము పట్టాడు. సినిమాల విషయంలో నాకు గురువు.

"ఏటి బావ, కాలుగాలిన పిల్లిలాగ తిరిగేత్తన్నావ్?"

"కరుణ ఫోను కలవట్లేదురా."

"ఇంట్లో తెలిసిపోనాదన్నమాట. ముందల ఫోను లాక్కుంతారు. తరవాత గదిలో పెట్టి తాళమేత్తారు. ఆ తరవాత పెళ్ళే. ఎన్ని సినిమాల్లో సూళ్ళేదు?"

"మరేం చెయ్యాలి?"

"నాను కనుక్కొత్తాను కదా!"

సాయంత్రం వాళ్ళ వీధికి వెళ్ళి కిరాణా కొట్లో సోడా తాగి, రొప్పుతూ వచ్చాడు. "బావ, అయిపోనాది. డ్రాయింగు మేస్టారి అమ్మాయికి పెళ్ళంట. పెళ్ళికొడుకు పోర్టులో క్రేను తోల్తాడంట. ఈ ఆదోరం సర్చిలో ఏదో సదువుతారంట."

ఏ అమ్మాయికిరా అని అడగాలా వద్దా? మూడు చోట్ల కొలిచేవాణ్ణి, ఇక్కడ ఒక్క చోటైనా కొలవాలా వద్దా? అడగలేదు. హైదరాబాదులో ఉన్నవాళ్ళకి కూడా పెళ్ళిళ్ళవుతాయని ఆ క్షణాన నా బుర్రకి తట్టలేదు.

"ప్రకటన చదువుతార్రా," అన్నాను నీరసంగా. "మా వాళ్ళలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని."

అప్పలరాజు లేతు ఆపేశాడు. "ఆళ్ళే అడుగుతారా?"

"అవున్రా."

"మైకులో? అందరి ముందలా?"

"అవున్రా బాబూ."

"ఓలప్పా! మా వోళ్ళ పెళ్ళిల్లో ఐతే బాజాల మద్దిన గొంతు సించుకున్నా ఒక్కడికి ఇనపడదు. మీకు అడిగి మరీ సేన్సిత్తారా! ఇంకా ఏటి ఆలోసిత్తన్నావు?"

ఆలోచించే అలవాటే ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు.

ఆదివారం పొద్దున్న అప్పలరాజు వాళ్ళ మావయ్య బండి అడిగి తెచ్చాడు. ఎన్‌ఏడీ జంక్షను దాటాక ఒక గోతిలో దాని సైలెన్సరు రాలిపోయింది. ఆగి తెచ్చుకుందామన్నాడు. వద్దన్నాను. ఆ బండి మోతకి దారిపొడుగునా జనం చెవులు మూసుకున్నారు. పథకం ఏమిటంటే, నేను లోపల లేచి ఒక్క డైలాగు కొట్టగానే కరుణ పరిగెత్తుకొస్తుంది, ఇద్దరం బండెక్కుతాం. ముగ్గురికి ఆ బండిమీద చోటెక్కడిదని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు.

అప్పలరాజుని బండితో బయటే ఉంచి, చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికెళ్ళి ఆఖరి బల్లమీద కూర్చున్నాను. ఒకవైపు మగవాళ్ళు, ఇంకోవైపు తలమీద కొంగులు కప్పుకున్న ఆడవాళ్ళు. ఆడవాళ్ళందరూ వెనకనుంచి ఒకేలా ఉన్నారు. నా మోకాలు దడదడలాడి బల్లంతా ఊగుతోంది. పక్కనున్న పెద్దాయన నా మోకాలి మీద చెయ్యి పెట్టి నొక్కి పట్టుకున్నారు. నేను లోపల డైలాగు వల్లె వేసుకుంటున్నాను. "ఈ పెళ్ళి జరగడానికి వీల్లేదు" అనాలా, "ఈ పెళ్ళి జరగదు" అనాలా? మొదటిది బరువుగా ఉంది, రెండోది పదునుగా ఉంది. ఇంతలో పాస్టరుగారు కళ్ళద్దాలు సర్దుకుని కాగితం తీశారు. పేర్లు చదివారు. బయట బండి మోతలో పేర్లు వినపడలేదని తరవాత చాలామందికి చెప్పి చూశాను. మీతో అబద్ధమెందుకు, శుభ్రంగా వినపడ్డాయి. నేనే వినలేదు. రెండోదే బాగుందని అప్పుడే తేల్చుకున్నాను.

"...వీరి వివాహమునకు ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది మొదటి ప్ర..."

"ఈ పెళ్ళి జరగదు!"

పాస్టరుగారి నోట్లో "ప్ర" అలాగే ఉండిపోయింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన ఆ ప్రశ్న అడుగుతున్నారట. జవాబు రావడం అదే మొదటిసారట.

"ఎవరు బాబూ నువ్వు?"

"ఆ అమ్మాయి నా ప్రాణం!"

చర్చంతా వెనక్కి తిరిగింది. ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి నిలబడింది. పెళ్ళికొడుకు తల్లి.

"ఎన్నాళ్ళబట్టి?" అని అడిగింది వణుకుతూ.

"పద్నాలుగు నెలలబట్టి!" అన్నాను. గొంతు ఇంకా పైకి లేచింది. "రోజూ కలుసుకుంటున్నాం!"

"ఓలమ్మో! రోజూ అంట! హైదరబాదు నుంచి రోజూ ఎలాగొచ్చిందోలమ్మా!" అంటూ ఆవిడ బల్లమీద కూలబడింది.

హైదరాబాదు అన్న మాట వినగానే కరుణ అక్క గుర్తొచ్చింది. ఆడవాళ్ళ వైపు నుంచి పెళ్ళికూతురు లేచింది. కొంగు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరండీ ఇతను?" అంది. ఆమెను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అటుపక్క పాటలు పాడేవాళ్ళ మధ్య ఒకమ్మాయి పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని ఉంది. పుస్తకం మెల్లగా కిందికి దిగింది. పైన కరుణ కళ్ళు. ఆ కళ్ళు నన్ను కదలకండి అనలేదు. బతకకండి అన్నాయి.

"క్షమించండి," అని కూర్చోబోయాను.

"కూర్చోవడం కుదరదు బాబూ," అన్నారు పాస్టరుగారు. "అభ్యంతరం వచ్చాక విచారించాలి. అది పద్ధతి. ఆరాధన అయ్యాక పక్కగదిలోకి రా."

సినిమాల్లో ఇక్కడ పాటొస్తుంది. నాకు టీ వచ్చింది. గదిలో బల్లకి అటు పాస్టరుగారు, ముగ్గురు సంఘపెద్దలు, డ్రాయింగు మాస్టారు. గుమ్మానికి అడ్డంగా పెళ్ళికొడుకు దయాకర్. గుమ్మం కనపడటం లేదు. నా ముందు తెల్లకాగితం పెట్టారు.

"నీ అభ్యంతరం ఏమిటో రాసి సంతకం పెట్టు."

"నాకు ఏ అభ్యంతరమూ లేదండి."

"లేకుండానే లేచావా?"

"ఉందండి. ఈ పెళ్ళికి లేదు. చెల్లెలి పెళ్ళికుందండి."

మాస్టారు మొదటిసారి నోరు విప్పారు. "మా రెండోదానికి పెళ్ళెక్కడ కుదిరింది?"

"కుదరలేదాండీ?" అన్నాను. సిగ్గులేకుండా నా మొహం వెలిగిపోయింది.

"కరుణని పిలవండి," అన్నారాయన.

కరుణ వచ్చింది. మాస్టారు ఆమె వైపు చూడకుండా అడిగారు. "ఇతను నీకు తెలుసా?"

నాకు నవ్వు రాలేదండీ అప్పుడు. తెలీదని ఒక్క మాటంటే ఆమె బయటపడిపోతుంది. అనెయ్యమని చెప్పాలని కూడా అనిపించింది. ఆమెను అందరి ముందూ నిలబెట్టింది నేను.

"రక్తం తీశాను నాన్నా ఒకసారి," అంది.

"అంతేనా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఏటయ్యా, మొన్న బుధవారం బస్సులో సెప్పలేదా నీకు? మా అక్కకి కుదిరింది, ఆదివారం ప్రకటన, నా ఫోను రిపేరుకిచ్చాను, వారం రోజులు సెలవు పెట్టాను అని? రెండుసార్లు సెప్పాను. రెండుసార్లూ ఊ అన్నావు!" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తరవాత తండ్రి వైపు తిరిగి, "అంతే కాదు నాన్నా. మిగతాది అక్క పెళ్ళయ్యాక నేనే చెబుదామనుకున్నాను," అంది.

మాస్టారు టీ గ్లాసు పక్కకి జరిపారు. దయాకర్ గుమ్మంలోంచే అన్నాడు, "మా అమ్మ దగ్గరికి రా తమ్ముడూ. ఆవిడ కాళ్ళమీద పడి ఇదే ముక్క సెప్పు. మధ్యలో డైలాగులొద్దు." పడ్డాను. ఆవిడ మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారికి తేరుకుని నవ్వింది. వాకిట్లో పాస్టరుగారు అందరినీ నిలబెట్టి, అభ్యంతరం తొలగిందని చెప్పారు. మాస్టారు నన్ను గేటుదాకా తీసుకొచ్చి, వేలు చూపించి చెప్పారు. "ఏడాదిపాటు ప్రతి ఆదివారం ఇక్కడికొచ్చి కూర్చో. కదలకుండా కూర్చోగలిగితే అప్పుడు మాట్లాడదాం."

కూర్చున్నాను. మిగిలిన రెండు ప్రకటనల రోజులూ నాకు అటొక సంఘపెద్ద, ఇటొక సంఘపెద్ద కూర్చుని చెరో మోకాలూ పట్టుకున్నారు. ఆ తరవాత ఎవరూ పట్టుకోనక్కర్లేకపోయింది. ఏడాది గడిచాక మాస్టారు కరుణతో, "కుర్రాడికి కుదురొచ్చింది," అన్నారట. నాకు వచ్చిన సర్టిఫికెట్లలో అదే పెద్దది.

మా ప్రకటన చదివే రోజులొచ్చాయి. మొదటి ఆదివారం అభ్యంతరం అన్న మాట రాగానే సంఘం మొత్తం వెనక్కి తిరిగి నా వైపే చూసింది. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం దూరం నుంచి కరుణ నా వంక చూసి, పెదాలతో మాత్రం "కదలకండి" అంది. నేను కదల్లేదు. ఊపిరి కూడా తీసుకోలేదు.

"...ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము ఉన్నయెడల..."

"ఉందండి."

ముందు వరసలోంచి దయాకర్ లేచాడు. పక్కన శాంతిగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. నాకు చెమటలు పట్టాయి. పాస్టరుగారు తలైనా ఎత్తకుండా, "రాసి సంతకం పెట్టు నాయనా," అన్నారు. దయాకర్ జేబులోంచి ముందే రాసుకొచ్చిన కాగితం తీసి ఇచ్చాడు. పాస్టరుగారు మైకులోనే చదివారు: "వరుడు చెప్పినది వినడు. వధువు ఇంకొకసారి ఆలోచించుకోవలెను." పాటలవాళ్ళ మధ్య నుంచి కరుణ, "ఆలోచించానండి, పర్లేదు," అంది. చర్చంతా ఘొల్లుమంది. పెద్దావిడ బీపీకి ఆ రోజే పూర్తిగా నయమైందని మా వాళ్ళు అంటారు.

ఆ కాగితం మా హాల్లో పెళ్ళి ఫోటో పక్కనే ఫ్రేములో ఉంది. దాని మీద చెయ్యి పెట్టి ఇందుమూలంగా సమస్త పాఠకుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పెళ్ళిలోనూ, ఏ సభలోనూ, ఎవరు ఏది అడిగినా పేర్లు చివరిదాకా వినకుండా లేవను. ఎవరు ఏ మాట చెబుతున్నా పూర్తయ్యేదాకా చెవి ఒగ్గి కూర్చుంటాను.

ఈ వాక్యం రాస్తుండగా వంటింట్లోంచి కరుణ ఏదో చెప్పింది. ఊ అన్నాను. ఇప్పుడు గేటు ముందు ఆటో ఆగింది. దయాకర్ అన్నయ్య, శాంతిగారు, పెద్దావిడ మూడు పెట్టెలు దించుతున్నారు.