రాణిని మోసిన డ్రిల్లు మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారని సోమవారం పొద్దున, ప్రార్థన గంట కొట్టబోతూ స్కూలు బంట్రోతు చెప్పాడు. నేను బడికి బయల్దేరాకే ఆయన గుండె ఆగిందట. నాకు ముందు దుఃఖం రాలేదు, మరి రాణి సంగతేంటన్న ఆలోచన వచ్చింది. ఆయనైనా ముందు అదే అడిగేవారు.

రాణి ఆయన షికారు కుక్క. మాచర్లలో మా ఇళ్ళు పక్కపక్కనే. ఆయన డ్రిల్లు, నేను లెక్కలు. సాగర్ డ్యాము పనికి లారీలు అప్పుడప్పుడే మొదలైన రోజులు. శనివారం ఒంటిపూట బడి కాగానే ఆయన తుపాకీతో, నేను మంచినీళ్ళ సీసాతో కౌజు పిట్టల కోసం కొండ వెనక్కి పోయేవాళ్ళం. రాణి వాసన పట్టిందంటే ముందుకాలు ఒకటి ఎత్తి, తోక బిగించి నిలబడిపోయేది. బడిపిల్లల్లో ఒక్కడూ అటెన్షన్‌లో అలా నిలబడడని ఆయన బాధ.

రాణి కంటే ముందు ఆయనకు ఇంకో కుక్క ఉండేది. ఆ కొండ దారిలోనే, రెండు బండల మధ్య ఇరుకు కనుమలో దాన్ని చిరుతపులి ఎత్తుకుపోయింది. ముందు నడుస్తున్న మాస్టారు వెనక్కి తిరిగి చూసేసరికి కుక్క లేదు. ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పారు, చెప్పిన రోజు మరి అన్నం తినలేదు. తర్వాత మేకలు కాసే పెద్దాయన ఒకాయన ఆయనతో అన్నాడట: "చిరుతకి మేక కన్నా కుక్కంటే చానా ఇష్టం అయ్యగారూ. మనిషంత ఎత్తున్నదాని జోలికి మాత్రం తొందరగా రాదు." ఇంకొకరైతే ఆ మాట విని రెండో కుక్కను ఇంట్లో కట్టేసుకునేవారు. మాస్టారు కుక్క ఎత్తు పెంచే మార్గం ఆలోచించారు.

ముందు జాగ్రత్తగా కమ్మరి చేత రాణి మెడకు మేకుల పట్టెడ చేయించారు. చిరుత కుక్క పీకనే పట్టుకుంటుంది కాబట్టి మేకుల మొనలన్నీ బయటికి ఉండేవి. వాటికి ఏ చిరుతా చిక్కలేదు కానీ మాస్టారి నిక్కర్లు నాలుగు చిరిగాయి. తర్వాత పట్టెడకు ఎద్దు మెడగంట కట్టారు. ఆ మోతకి చిరుత రాదన్నది నిజమే, కౌజులు కూడా ఉండవు. మేం కొండెక్కేలోపే పక్క ఊరి పొలాల్లో వాలేవి. నేను విసుక్కుంటే, "పిట్ట వచ్చే వారం కూడా ఉంటదయ్యా. రాణి ఉండొద్దూ?" అనేవారు. ఆయన భార్యను నేను అక్కయ్య అని పిలిచేవాణ్ణి. "మసాలా నూరమంటారా, వంకాయలు కోసుకోమంటారా?" అని ఆమె మేం బయల్దేరేటప్పుడే అడిగేది. మసాలా నూరిన శనివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక తిరుగుదారిలో, కనుమ రాగానే మాస్టారు వంగి రాణిని ఎత్తి మెడ చుట్టూ వేసుకునేవారు. ఎత్తు సమస్య అలా తీరింది. మొదట్లో అది పెనుగులాడింది గానీ తర్వాత రుచి మరిగింది. కనుమలోకి రాకుండా అవతలే కూలబడి, బస్సు కోసం కూర్చున్న ఆసామిలా మా వంక చూసేది. "వేటకుక్కను మోసే వేటగాణ్ణి మిమ్మల్నే చూశాను మాస్టారూ" అంటే, "నువ్వు మోస్తావా ఏంది? మొయ్యవుగా. నోర్మూసుకుని నడువు" అనేవారు. నిజమే, నేను చస్తే మోయనని ఒట్టు పెట్టుకున్నాను. లెక్కల మాస్టారికంటూ ఒక మర్యాద ఉంటుంది కదా.

ఒక శనివారం చిరుత నిజంగానే వచ్చింది. కనుమలో బండ మీద పడుకుని, ఆయన భుజాల మీదున్న రాణినే చూస్తోంది. ఆయన రెండు చేతులూ రాణి కాళ్ళు పట్టుకుని ఉన్నాయి. తుపాకీ నా చేతికిచ్చి ఉన్నారు. నేనేమో అప్పటికే ఎదురు బండ మీదున్నాను, ఎప్పుడెక్కానో ఇప్పటికీ తెలియదు. తుపాకీ కింద పడి ఉంది. రాణిని పడేసి వెనక్కి నడిస్తే ఆయన బతికిపోతారు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన ఆ కాళ్ళను ఇంకా బిగించి పట్టుకున్నారు. కనుమ దాటేదాకా డ్రిల్లు ఈల పళ్ళ మధ్య పెట్టుకుని నడవటం ఆయన అలవాటు. దాన్ని ఊపిరంతా పెట్టి ఊదారు. ఊది, ఈలను ఉమ్మేసి, "అబౌట్ టర్న్" అని గట్టిగా కేకేశారు. చిరుత లేచి, వెనక్కి తిరిగి, బండ దిగి పోయింది.

"మన ఎనిమిదో తరగతి కన్నా నయం కదయ్యా" అని ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నారో. నేను తుపాకీ పారేసిన సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు, అక్కయ్యకు కూడా. ఆ మర్యాద నాకు ఆయన పెట్టిందే, అందుకే ఈరోజు నేనే చెబుతున్నాను.

ఆ చిరుత మళ్ళీ కనపడలేదు. డ్యాము దగ్గర రాళ్ళు పేల్చే మోతకి పై అడవిలోకి పోయిందన్నారు. అయినా ఆయన మోయటం మానలేదు. రాణి ముసలిదైంది, ఆయనకు మోకాళ్ళ నొప్పులొచ్చాయి. మొన్న మొన్నటిదాకా కనుమలో ఆగి ఆగి మోస్తూనే ఉన్నారు.

సమాధుల తోట ఆ కొండ దారి మొదట్లోనే ఉంది. పాస్టరు గారి ప్రార్థన అయింది, మట్టి వేశాం. అందరూ వెళ్తుంటే అక్కయ్య అటూ ఇటూ చూసి, "రాణి ఏది తమ్ముడూ?" అంది. ఎక్కడుంటుందో నాకు తెలుసు. కనుమ దాటి వెళ్ళి చూస్తే, ఎప్పుడూ కూలబడే చోటే కూర్చుని ఉంది. పిలిస్తే కదల్లేదు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. వంగి ఎత్తుకున్నాను. పట్టెడ మేకు నా తెల్లచొక్కాను భుజం దగ్గర చీల్చింది. రాణి అలవాటుగా కాళ్ళు రెండు పక్కలా వేలాడేసి, గడ్డం నా చెవి దగ్గర ఆనించింది. తక్కువ బరువేం కాదు. నా పళ్ళ మధ్య ఈల లేదు, ఉత్త పళ్ళే బిగించి నడిచాను. కనుమ దాటేదాకా దించలేదు.