మా మిద్దె మీద ఉడికిన ఆలుగడ్డ పండింది

మా ఇంట్లో ఆలుగడ్డ కూర విషయంలో మూడు పార్టీలున్నాయి. సూర్యాపేటలో నాతో ఉండే అమ్మది పులుసు పార్టీ. చింతపండు, చిన్న బెల్లం ముక్క, పైన ఎల్లిపాయ తాలింపు లేకపోతే అది కూరే కాదు, దవాఖానలో పెట్టే తిండి అంటుంది. మిర్యాలగూడలో పుట్టి పెరిగిన నా భార్యది టమాట పార్టీ. కోదాడలో కాపురముంటున్న అక్కది వేపుడు పార్టీ. గడ్డల్ని ముందు ఉడకబెట్టి, చల్లార్చి, అప్పుడు వేయించాలని ఆమె సిద్ధాంతం. నాది ఏ పార్టీ అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. పెట్టింది తినే పార్టీ అని వాళ్లే తేల్చేశారు.

ఈ పార్టీల తేడా మరిచి మా ఇంట్లో ముగ్గురం ఒకే పని చేసింది నాకు తెలిసి ఒకే ఒక్కసారి. అదీ ఒకరికి తెలియకుండా ఒకరు.

మొదలైంది మొన్నటి ఎండాకాలం ముందు. వంటింట్లో బుట్ట అడుగున పది పన్నెండు ఆలుగడ్డలు మొలకలెత్తి కనిపించాయి. నా భార్య వాటిని చెత్తబండిలో వేయడానికి తీసుకెళ్తుంటే అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"మొలకొచ్చినదాన్ని పారేస్తరా పిల్లా? బతుకుత అంటున్నదాన్ని చెత్తల ఏస్తరా?"

ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో అమ్మ నలభై ఏళ్లు వ్యవసాయం చేసింది. కంది, పెసర, పత్తి పండించింది కానీ ఆలుగడ్డ మాత్రం ఏనాడూ వేయలేదు. మా ఊళ్లో ఎవరూ వేయలేదు. రెండేళ్ల కింద బోరు ఎండి పత్తి మొత్తం పోయినప్పుడు ఆమె చేతులు కడుక్కొని, "ఇగ మట్టి ముట్ట" అంది. చేను కౌలుకిచ్చి నా దగ్గరికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి వరండాలో కుర్చీ వేసుకొని ఎదురింటి గోడ చూస్తూ కూర్చునేది. ఆ గోడకు సున్నం ఎక్కడెక్కడ రాలిందో ఆమెకు నోటికొచ్చు. టీవీ పెడితే, "ఆళ్ల లొల్లి నాకెందుకు" అనేది. ఎవరి మీదా కోపం లేదు, ఏ జబ్బూ లేదు, అయినా రోజురోజుకూ చిన్నదైపోతున్నట్టు కనిపించేది. నాకు భయం వేసేది. భయం వేసినప్పుడు నేను అందరి మీదా అరుస్తాను, అది నా పుట్టుబుద్ధి.

అలాంటి మనిషి ఆ రోజు మొలకల ఆలుగడ్డలు ఒళ్లో పెట్టుకొని, "సంచులున్నయా?" అని అడిగింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివర కడుతున్న ఇంటికి పరుగెత్తి ఐదు ఖాళీ సిమెంటు సంచులు తెచ్చాను.

మట్టి సంపాదించడం తేలికే. దాని మీద పరచడానికి ఊక కావాలంది అమ్మ. నేను పనిచేసేది మిర్యాలగూడలో రైసుమిల్లులో, రోజూ బస్సులో పోయి వస్తాను. మిల్లులో ఊక గుట్టలు గుట్టలుగా ఉంటుంది. ఒక బస్తా కట్టుకొని సాయంత్రం బస్సెక్కాను.

"ఏముంది అండ్ల?" అన్నాడు కండక్టర్.

"ఊక."

ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "మిర్యాలగూడ నుంచి అందరు బియ్యం తీస్కపోతరు. ఊక తీస్కపోయేటోన్ని ఇయ్యాలనే సూస్తున్న."

బస్తాకు ఎక్కడో చిల్లి ఉంది. కిటికీలోంచి గాలి కొట్టగానే ఊక లేచి బస్సంతా తిరిగింది. ముందు సీట్లో పెళ్లికి పోతున్న ఒకాయన తెల్లచొక్కా గోధుమరంగుకు మారింది. దిగేదాకా నేను ఆ బస్తా ఎవరిదో తెలియనట్టే కూర్చున్నాను, కానీ కండక్టర్ ప్రతి స్టేజీలోనూ ఎక్కేవాళ్లకు నన్ను వేలు పెట్టి చూపించాడు.

మొక్కలు మాత్రం ఏపుగా వచ్చాయి. అమ్మ పొద్దున్నే మిద్దె ఎక్కేది, ఎండ ముదిరాక దిగేది, మళ్లీ సాయంత్రం ఎక్కేది. మొక్కలతో మాట్లాడేది, తిట్టేది. ఎండ తగలకుండా పైన చీర కట్టింది. అది నా భార్య పెళ్లిళ్లకు దాచుకున్న చీర. నా భార్య చూసింది, నోరు తెరిచింది, అమ్మ ముఖం చూసి మళ్లీ మూసుకుంది. పదహారేళ్ల కాపురంలో ఆమె తెరిచిన నోరు మాట రాకుండా మూయడం నేను చూడ్డం అదే మొదలు. వరండాలో కుర్చీ మీద దుమ్ము పేరుకుంది.

ఒకరోజు విత్తనాల కొట్టు ముందు ఆగి, గొప్పకు పోయి, మా అమ్మ మిద్దె మీద ఆలుగడ్డ పెట్టిందని చెప్పాను. కొట్టాయన లెక్కలోంచి తలెత్తాడు.

"ఈ ఎండలల్లనా? అది చలికాలం పంట సారు. గీ వేడికి ఆకు వస్తది, గడ్డ ఊరది."

ఆయన మీద కోపం వచ్చింది, ఆ కోపంతోనే ఇంటికొచ్చి, అమ్మ స్నానానికి పోయినప్పుడు ఒక సంచిలో చెయ్యి పెట్టి తడిమాను. వేర్లు తప్ప ఏమీ లేవు. ఇంకా లోతుకు పోయాను. సిమెంటు సంచి అడుగు తగిలింది.

కిందికి దిగేసరికి అమ్మ ఫోన్లో అక్కతో మాట్లాడుతోంది. "ఆదివారం తవ్వుతున్న, రా బిడ్డ. తొలి పంట నీ కొంగుల పడాలె గద." మా ఇంట్లో అది రివాజు. ఏ పంటయినా మొదటి దోసిలి ఆడబిడ్డకు పోయాకే మేం నోట్లో పెట్టుకుంటాం. ఫోన్ పెట్టేసి, నాతో అనలేదు, గోడతో అన్నట్టు అంది. "ఇది గూడ పోయిందనుకో, ఇగ నా చేతుల బర్కతు లేదన్నట్టే. మట్టి జోలికే పోను."

అందుకే శనివారం నేను ఆ పని చేశాను. బజారులో రెండు కిలోల ఆలుగడ్డలు ఏరాను. అన్నీ ఒకే సైజులో ఉంటే అనుమానం వస్తుందని చిన్నవీ వంకరవీ కూడా వెతికాను. "గిట్లాంటియి ఏరుకుంటున్నవేంది సారు" అని కూరగాయలామె జాలిగా చూసింది. మిట్టమధ్యాహ్నం, అమ్మ కునుకు తీస్తుండగా మిద్దె ఎక్కాను. చెప్పులు చప్పుడవుతాయని వదిలేశాను. ఆ స్లాబు మీద అట్టు పోసుకోవచ్చు. ఒంటికాలి మీద మార్చి మార్చి గెంతుతూ, అన్నం గరిటెతో తవ్వి, మొదటి రెండు సంచుల్లో గడ్డలు పాతాను. మూడో సంచికి వచ్చేసరికి పాదాలు ఇక ఒప్పుకోలేదు.

ఆదివారం పొద్దున్నే అక్క కోదాడ నుంచి దిగింది. రాగానే తడి తువ్వాలు ఆరేస్తానని మిద్దె ఎక్కి, చాలాసేపటికి దిగింది. ఒక తువ్వాలు ఆరేయడానికి అంతసేపేమిటని ఆ క్షణంలో నాకు తోచలేదు.

తర్వాత అందరం మిద్దె మీద చేరాం. అమ్మ చీర చెంగు నడుముకు బిగించి మొదటి సంచిని బోర్లించింది. నా ఆలుగడ్డలు దొర్లాయి. అక్క చప్పట్లు కొట్టింది. అమ్మ ఒక గడ్డ తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టింది. రెండోది కూడా నాదే. నా పని అయిపోయింది, ఇక మూడోది ఎలా ఆపాలా అని ఆలోచిస్తుంటే ఆమె మూడో సంచినీ బోర్లించింది.

అందులోంచి ఆలుగడ్డలు వచ్చాయి.

నేను పెట్టని ఆలుగడ్డలు. ఎర్రమట్టి పట్టి, బలంగా, ఒక్కోటి పిడికెడంత. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. విత్తనాల కొట్టాయన్ని మనసులో నానా మాటలూ అన్నాను. మా అమ్మ చేతికి సూర్యాపేట ఎండ కూడా ఓడిపోయిందనుకున్నాను. పక్కకు చూస్తే నా భార్య గోళ్లు కొరుక్కుంటోంది.

నాలుగో సంచిలో గడ్డను అమ్మ పట్టుకోగానే ఆమె బొటనవేలు అందులోకి దిగిపోయింది. తొక్క ఊడి చేతికొచ్చింది. వాసన చూసింది.

"ఇది ఉడికింది," అంది.

ఎండకు ఉడికిందేమో అందామనుకున్నాను. నిజంగానే నోటిదాకా వచ్చింది.

"ఉప్పు గూడ ఏసిర్రు," అంది అమ్మ, నాలుక కొనతో చూసి.

అందరం అక్క వైపు తిరిగాం. ముందు ఉడకబెట్టే పార్టీ మా ఇంట్లో ఒక్కటే. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎండలకి దుంప ఊరదని మా అత్త చెప్పిందమ్మా. ఇక్కడికొచ్చాక వేపుడు చేద్దామని ఉడకబెట్టి డబ్బాలో తెచ్చాను. నా దగ్గర అవే ఉన్నాయి మరి, ఏం చెయ్యను?"

అమ్మ నా భార్యను చూసింది. "మూడోది నాది అత్తమ్మా," అంది ఆమె. "నిన్న పొద్దుగాల వడియాలు ఎండబోసేటప్పుడు పెట్టిన." అమ్మ నన్ను చూడనే లేదు. నా పాదాల బొబ్బలు చూసింది, అంతే.

ఆమె ఊక మీద కూలబడింది. "నలభై ఏండ్లు ఎవుసం చేసినదాన్ని," అంది మెల్లగా. "గడ్డ వేరుకు లేకుంట మట్టిల ఎట్లుంటదో నాకు ఎరుకలేదనుకున్నరా? నన్ను పిచ్చిదాన్ని చేస్తరా అందరు కూడి?"

నాకు రాబోయిన నవ్వు ఆగిపోయింది. ఆ ముఖం నాకు తెలుసు. పత్తి పోయిన రోజు చేతులు కడుక్కున్నప్పటి ముఖం అది. ఇక రేపట్నుంచి మళ్లీ వరండా, కుర్చీ, గోడ. నా చెయ్యి నేనే విరగ్గొట్టుకోవాలనిపించింది.

అక్క మాత్రం ఆమె పక్కనే ఊకలో కూర్చుంది. "కంది పురుగు తిన్న ఏడు నాకు కందులు పంపావు, గుర్తుందా? తొలి పంట, మన చేనివే అన్నావు."

అమ్మ తలెత్తలేదు. "మన చేనియే."

"మన కందుల్లో రాళ్లు లేకుండా ఏనాడన్నా వచ్చాయామ్మా? ఆ ఏడు ఒక్క రాయి లేదు. పప్పు కడుగుతూనే తెలిసింది, సూర్యాపేటలో కొని పంపావని. ఆ మరుసటి ఏడూ అంతే, ఆపై ఏడూ అంతే. నేనెప్పుడన్నా అడిగానా?"

అమ్మ తలెత్తి ఆమెను చూసింది. నాకు ఈ సంగతి ఇన్నేళ్లూ తెలియదు. ఆ కందుల మూటలు బస్సెక్కి కోదాడకు మోసింది నేనే.

అమ్మ లేచింది. ఎవరూ ముట్టని ఐదో సంచిని బోర్లించి, మోకాళ్ల మీద కూర్చొని వేళ్లతో మట్టిని చిదిపి చిదిపి చూసింది. చివరికి ఒక వేరు పట్టుకొని పైకెత్తింది. దాని కొసన శనగగింజంత ఆలుగడ్డ ఒకటి వేలాడుతోంది. తెల్లగా, నిజంగా, వేరుకే ఉంది. దాన్ని తెంపి అక్క కొంగులో వేసింది.

"ఇగో తొలి పంట," అంది. "ముడేసుకో, పడిపోతది."

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పులుసూ, టమాట కూరా, వేపుడూ మూడూ వండారు. ఉడికిన గడ్డలకు మట్టి కడిగి వేయించారు. నేను మూడూ తిన్నాను, మూడింటినీ మెచ్చుకున్నాను, ఎవరూ పట్టించుకోలేదు. చేతులు కడుక్కుంటూ అమ్మ నా భార్యతో, "నీ చీర తీస్కో పిల్లా," అంది. ఇక మిద్దె ఎక్కదనుకున్నాను. "బెండకు నీడ అక్కర్లేదు. వాన్ని రేపు గింజలు తెమ్మను."

నెలన్నర తర్వాత తొలి బెండకాయలు కోదాడకు తీసుకెళ్లమని నాకు సంచి ఇచ్చింది. కిలో పైనే తూగేట్టుంది. "అన్నీ మన మిద్దె మీదియే అని చెప్పు," అంది. ముందురోజు సాయంత్రం మా మొక్కలకు నేను చూసినవి ఏడు కాయలు. బస్సులో సంచి విప్పి చూశాను. ఏడు వంకరగా పొట్టిగా ఉన్నాయి, మిగతావన్నీ ఒకే పొడవు.

అక్కకు ఇచ్చి, అమ్మ చెప్పమన్నదే చెప్పాను. "అవున్రా, చూస్తేనే తెలుస్తోంది," అంది అక్క. మాట్లాడుతూనే వంకర కాయలు ఏడూ ఏరి, వేరే గిన్నెలో పెట్టుకుంది.