మొక్కలు చూసి వస్తానమ్మా

మా మామయ్య నా ఎదుట ఆవలించగా కూడా నేనెప్పుడూ చూడలేదు. వాళ్లది కృష్ణా జిల్లా. ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం పటాన్‌చెరు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. రిటైరయ్యేదాకా ప్యాకింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజరు. ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా లేకుండా హాల్లోకి రారు. నేనేమో ఇక్కడి లక్డారం పల్లె పిల్లని. మా నాయన అన్నం తిని త్రేన్చితే పక్కింటి కుక్క ఉలిక్కిపడి లేచేది. అది చూసి మేమంతా పగలబడి నవ్వేవాళ్లం, ఆయనా నవ్వేవాడు.

అందుకే పెళ్లయిన కొత్తలో పటాన్‌చెరు పక్కనే ఇంద్రేశంలోని ఈ ఇంట్లో ఒక సంగతి నాకు అంతుపట్టలేదు. రాత్రి భోజనమయ్యాక, టీవీలో వార్తలు రసపట్టులో ఉండగా, మామయ్య ఉన్నట్టుండి లేచి "మొక్కలు చూసి వస్తానమ్మా" అంటూ మిద్దె ఎక్కేవారు. మిద్దె మీద ఉన్నవల్లా రెండు తులసి కుండీలు, సగం ఎండిన ఒక గులాబీ. అంత చూడ్డానికి వాటిలో ఏముందని అత్తయ్యనడిగితే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆయనకి గ్యాసు బాధ తల్లీ. కోడలి ముందు ఎలాగని" అంది.

పోయిన వానాకాలంలో మామయ్యకు అపెండిక్స్ పగిలింది. మా ఆయన కంపెనీ పని మీద పూణేలో ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో అత్తయ్య మెట్లు దిగలేదు. హైవే పక్కన ఆసుపత్రిలో చేర్పించి, ఆపరేషన్ అయ్యాక ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నదాన్ని నేనే. నేను ఒకచోట కూర్చుంటే కూర్చున్నట్టే, ఎవరు లేపినా లేవను.

"పేగుల్ని చేతులతో కదిపాం కదా, అలిగాయి" అన్నాడు డాక్టరు. "అలక తీరి కదిలేదాకా నోటికి ఏమీ ఇవ్వకూడదు. గాలి పోతే కదిలినట్టు."

మామయ్యలోని సూపర్‌వైజరు ఆ నీరసంలోనూ తల ఎత్తాడు. "అంటే బెల్టు ఆగిందన్నమాట. దీనికి మోటారు ఎక్కడుంటుందండీ?"

డాక్టరుకు ఆ ప్రశ్న నచ్చినట్టుంది, మంచం అంచున కూర్చున్నాడు. మోటారంటూ ఒకటి లేదట. పేగు గోడలోనే పొడుగునా నరాల అల్లిక ఉంటుందట. తిండి ముద్ద ఎక్కడుంటే అక్కడ, దాని వెనక వైపు పేగు బిగుసుకుంటుంది, ముందు వైపు వదులవుతుంది. ముద్ద కాస్త జరుగుతుంది. జరిగిన చోట మళ్లీ అదే తంతు. మెదడు తొందరపెట్టగలదు, బెదిరించి నెమ్మదింపజేయగలదు గానీ, రోజువారీ పనికి దాని హుకుం అక్కర్లేదట.

"బర్రె పాలు పిండినట్టా సార్?" అన్నాను. "పైవేళ్లు ముందుగాల బిగిస్తం, ఎన్కసీరి కిందివి. పాలు గట్ల కిందికి దిగుతయి."

"దాదాపు అంతే" అన్నాడు డాక్టరు. లేచి వెళ్లబోతూ, "మొత్తం దారిలో మన ఇష్టప్రకారం నడిచేది చిట్టచివరి గేటు ఒక్కటే" అని నవ్వాడు. మామయ్య నవ్వలేదు.

ఇక మొదలైంది ఎదురుచూపు. పక్క మంచం మీద రుద్రారం తాత ఒకాయన ఉన్నాడు, హెర్నియా ఆపరేషన్. ఆయనకు గాలి పోయిన పొద్దున ఆయన భార్య, ఓ అవ్వ, వార్డంతా తిరిగి చెప్పుకొచ్చింది. మనవడు పుట్టినా అంత చెప్పుకోదేమో. తరవాత మా మంచం దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏంది బిడ్డా, మీ మామకు ఇంక రాలేదా? జెర నడిపియ్యి. మా ముసలాయనది నడిస్తెనే కదిలింది."

నడిపించాను. సెలైన్ సీసా నేను ఎత్తి పట్టుకుని, ఆయన గోడ పట్టుకుని, వరండా ఈ చివర నుంచి ఆ చివరికి. అత్తయ్య గంటకోసారి ఫోను. "అయిందా?" అనేది. ఫోను నా చేతిలోనే ఉండేది, ఆయన మొహం అటు తిప్పుకునేవారు. పక్క మంచానికి ఇడ్లీ వచ్చినప్పుడు మామయ్య కళ్లు ఆ పళ్లెం వెంటే వెళ్లాయి. అంత పెద్దాయన చట్నీ వాసనకు గుటకలు మింగుతుంటే మంచాల మధ్య పరదా లాగేశాను.

మర్నాడు డాక్టరు పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాడు. "చప్పుళ్లు బాగానే వస్తున్నాయే. గాలి పోయిందా?"

"లేదండీ" అన్నారు మామయ్య, ఫ్యాను వైపు చూస్తూ.

డాక్టరు మొహంలో నవ్వు తగ్గింది. సాయంత్రం దాకా చూద్దామన్నాడు. అప్పటికీ కాకపోతే ముక్కులోంచి గొట్టం వేసి స్కాన్ తీయాలని, లోపల ఎక్కడైనా అడ్డముంటే మళ్లీ తెరవాల్సి రావచ్చని చెప్పాడు. మా ఆయనకు ఫోనులో ఏమని చెప్పను? ఏడుపాయల అమ్మవారికి మొక్కుకుందామని చేతులు జోడించాను గానీ, ఏమని అడగాలో తెలియలేదు. సిగ్గు విడిచి, మా మామకు గాలి పోనీ తల్లీ అనే అడిగాను.

మామయ్య మాత్రం నా మీద ఎక్కడలేని జాలి చూపిస్తున్నారు. "అలసిపోయావు, కిందికెళ్లి కాఫీ తాగి రామ్మా." నేను కదల్లేదు. కాసేపాగి, "పేపరు దొరుకుతుందేమో చూసి రామ్మా." మిమ్మల్ని విడిచి ఎక్కడికీ పోనన్నాను. మూడోసారి పెదవులు బిగించి, కనుబొమలు పైకెత్తి, గోడ మీది క్యాలెండరును తీక్షణంగా చూడసాగారు.

ఆ మొహం నాకు తెలుసు. వార్తలు రసపట్టులో ఉండగా వచ్చే మొహం అది. ఇక్కడ మిద్దె లేదు, మొక్కలు లేవు. ఆయన వెళ్లలేరు కాబట్టి నన్ను పంపాలని చూస్తున్నారు. నేనేమో సేవ చేస్తున్నాననుకుంటూ ఆ చివరి గేటు ముందు స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాను.

సాయంత్రం డాక్టరు రాగానే తలుపు దగ్గరే ఆపేశాను. "సార్, నేను బయట నిలవడ్త. నేను లేకుండ ఒక్కసారి అడుగుండ్రి."

పరదా వెనక మామయ్య గొంతు చిన్నగా వినిపించింది. "పొద్దున అమ్మాయి మంచినీళ్లకు వెళ్లినప్పుడు పోయిందండీ. తను పక్కనుండగా ఎలా చెప్పను? కూతురైతే వేరే సంగతి. కోడలు కదా."

డాక్టరు నవ్వు వార్డంతా వినబడింది. అవ్వ వచ్చి నా భుజం తట్టింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ చివరి మాటకు మనసు చివుక్కుమంది కూడా. ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్లయింది, కూతురైతే వేరే సంగతట. ఏమీ విననట్టు లోపలికెళ్లి, ఆయనకు చెంచాతో కొబ్బరినీళ్లు పట్టాను. "ఇంత రుచిగా ఎప్పుడూ లేవమ్మా" అన్నారు, నా వైపు చూడకుండా.

ఇంటికొచ్చాక జావ, తరవాత చారన్నం, ఆపైన పప్పు. ఆయన ఆవకాయ దాకా వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. ఆ రోజు రాత్రి వార్తలు చూస్తున్నాం. మామయ్య పెదవులు బిగిశాయి, కనుబొమలు లేచాయి. కుట్లు పడిన మనిషి మెట్లెక్కడమెందుకని నేనే లేచాను, వంటింట్లో పని కల్పించుకుందామని.

"కూర్చోమ్మా" అన్నారు.

కూర్చున్నాను. మిద్దె మెట్ల వైపు ఒకసారి చూశారు. కదల్లేదు. అప్పుడు వినబడింది, చిన్నదేమీ కాదు. అత్తయ్య చెయ్యి కొంగు కోసం వెతుక్కుంది. మామయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "మొక్కలు బాగానే ఉన్నాయిలే" అన్నారు.

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. మా నాయన దగ్గర నవ్వినట్టే పగలబడి నవ్వాను. కాసేపటికి ఆయనా నవ్వారు.