కాడుగోడి ఆటోను కనిపెట్టిన వజ్రం

వజ్రంలోని లోపాలను లేజర్ కాంతితో నడిపిస్తారని ఈ మధ్య ఒక వార్తలో రాశాను. "మీరు చూశారా?" అని మదనపల్లె నుంచి ఒక పాఠకుడు కార్డు రాశాడు. చూడలేదు. బెంగళూరులో ఇదే పని మీద పరిశోధన చేస్తున్న హరితకు ఫోన్ చేస్తే శుక్రవారం రమ్మంది. ఆ రోజు పన్నెండింటికి ఆమె ప్రయోగాన్ని కమిటీ చూస్తుంది. నచ్చితే ఇంకో ఏడాది ఫెలోషిప్. నచ్చకపోతే నెలాఖరుకు ల్యాబ్ ఖాళీ చేయాలి. ముందే వచ్చి ఒక మూల కూర్చోండి, ఏదీ ముట్టుకోకండి అని చెప్పింది.

కుప్పంలో ఉదయం ఏడు దాటాక ప్యాసింజర్ ఎక్కి తొమ్మిదిన్నరకు వైట్‌ఫీల్డ్‌లో దిగాను. స్టేషన్ పేరు అదే అయినా ఊరు కాడుగోడి. టికెట్టు యాభై రూపాయల లోపే. బయట మునిరాజు అనే ఆటో డ్రైవరు రాను, పోను, నిలిపినందుకు కలిపి ఆరువందలకు ఒప్పుకున్నాడు. దారిలో నా పని విని, "లోపముండే వజ్రం చూసేకి రైలెక్కి వస్తిరా అప్పా? చిక్కపేట నగలంగళ్లలో అట్లాంటిది చూపిస్తే కొట్లాటే" అన్నాడు.

ల్యాబ్ కింది అంతస్తులో, పడమటి గోడకు ఆనుకుని ఉంది. వజ్రం బియ్యపు గింజలో సగం. అందులో అక్కడక్కడా ఒక కార్బన్ పరమాణువు స్థానంలో నైట్రోజన్ చేరి, దాని పక్క చోటు ఖాళీగా ఉంటుంది. లోపమంటే అదే. అక్కడి ఎలక్ట్రాన్ల స్పిన్‌ను అతి చిన్న అయస్కాంతం అనుకోవచ్చు. ఆకుపచ్చ లేజర్ పడితే స్పిన్‌లు చాలావరకు ఒకే స్థితికి వస్తాయి. మైక్రోవేవ్‌తో వాటిని తిప్పితే వజ్రం నుంచి వచ్చే ఎర్రని వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదల తెర మీద గుంటలా కనిపిస్తుంది. ఆ గుంట నిలకడగా ఉంటేనే ఈ లోపాలు క్వాంటం పరికరాలకు పనికొస్తాయి.

ఆ రోజు అది నిలవలేదు. పదిన్నర నుంచి కొద్దికొద్దిగా ఒకే వైపుకు జరుగుతోంది. "ఎండెక్కే కొద్దీ డ్రిఫ్ట్ పెరుగుతోంది సార్, టెంపరేచరే" అని హరిత ఏసీని పద్దెనిమిదికి దించింది. తర్వాత నా స్టీలు సీసాను, బెల్టును అనుమానించింది. రెండూ బయటికి పోయాయి. ప్యాంటు పట్టుకుని వణుకుతూ అరగంట నోట్సు రాశాను. గుంట మళ్లీ జరిగింది.

వెచ్చదనం కోసం పదకొండుంబావుకు బయటికొచ్చాను. భవనం నీడ గోడ వైపు తగ్గుతోంది. నీడతో పాటే మునిరాజు ఆటోను అడుగడుగు గోడ దగ్గరికి తోస్తున్నాడు. అతను తోసిన క్షణంలోనే కిటికీలోంచి హరిత గొంతు వినిపించింది: "అయ్యో, మళ్లీ."

ఇనుము దగ్గరికొస్తే అయస్కాంత క్షేత్రం మారుతుందని, లోపలి వజ్రం దాన్ని పసిగడుతోందని చెబితే మునిరాజు నమ్మలేదు.

"లారీవాళ్ళకే నా బండి కనపడదు. గోడ ఎనకాల రాయికి కనపడతా ఉండాదా?"

అయినా ఆటోను గేటు దాకా తీసుకెళ్లాడు. గుంట నిలిచింది. సంగతి హరితకు చెప్పాను. పన్నెండున్నరకు తిరిగి రమ్మని అతనికి నేనే చెప్పాను. అది నా తప్పు.

కమిటీ ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ముగ్గురిలో పెద్దాయన తెర చూసి, ఇది నిన్న దాచిన బొమ్మ కాదని నమ్మేదెలా అని ఇంగ్లీషులో అడిగారు. హరిత జవాబు వెతుక్కుంటుండగా గుంట పక్కకు జరిగింది. ఆమె గడియారం చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సార్, మీ ఆటో వచ్చింది."

సంగతి విని పెద్దాయన లేచి కిటికీ పరదా తొలగించారు. గోడ పక్కన మునిరాజు అద్దం తుడుచుకుంటున్నాడు. ఆయన కిటికీలోంచే కన్నడలో అతన్ని వెనక్కి పొమ్మన్నారు, రమ్మన్నారు, మళ్లీ పొమ్మన్నారు. గుంట మూడుసార్లూ చెప్పినట్టు వింది. నాలుగోసారికి మునిరాజు ఇంజన్ ఆపి, "ఆ రాయికి ఇంగా నమ్మకం కుదర్లేదా?" అన్నాడు. పెద్దాయన నవ్వి, ఏడాది పొడిగింపు కాగితం మీద అక్కడే సంతకం పెట్టారు.

స్పిన్‌ను నేను చూడలేదు, ఎవరూ చూడలేరు. చూసింది ఎర్రని మెరుపు, తెర మీద ఒక గీత, గోడ అవతల ఒక ఆటో. మూడూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. నా వృత్తిలో అంతకంటే గట్టి సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది. ఇలాంటి ల్యాబ్‌కు వెళ్లాలనుకునేవారు వారం ముందే ఈమెయిల్లో అనుమతి అడగండి. అందులోనే బండి ఎక్కడ నిలపాలో కూడా అడగండి. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే నీడ ఉన్న చోటే చూపిస్తాడు.