కందిపప్పు డబ్బా

మొన్న పాసిర్ రిస్‌లో మా అమ్మాయి ఫ్లాటుకు వెళ్తే, ఏడు నెలల మనవడికి ఫోనులో గిలక చప్పుడు వినిపిస్తోంది. "దీంట్లో అన్ని సౌండ్సూ ఉన్నాయి లా, అమ్మా" అంది, మాట చివర ఇక్కడివాళ్ళ "లా" తగిలించి. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే చప్పుడన్నదే లేని ఇంట్లో నేను దాన్ని పెంచాను.

వై టూ కే హడావిడి రోజులవి. మావారికి రాఫెల్స్ ప్లేస్‌లో ఒక ఆఫీసు కంప్యూటర్ల దగ్గర రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. బూన్ లేలో మాది ఇరుకు ఫ్లాటు. ఆయన ఉద్యోగం మీదే మేం ఈ పరాయి దేశంలో ఉండగలిగేది కనుక, గిన్నె కింద పెట్టాలన్నా గుడ్డ వేసి పెట్టేదాన్ని. అలాగని పిల్లను ఊరికే పడుకోబెట్టే రకాన్నా నేను! పట్టుచీర జరీ అంచుతో దాని అరికాళ్ళు నిమిరి, వెంటనే గరుకు తువాలు తాకించేదాన్ని. కరివేపాకు నలిపి ముక్కు దగ్గర పెడితే మూతి ముడిచేది. బట్టలారేసే వెదురు కర్రకు రంగురంగుల జాకెట్టు గుడ్డలు కట్టి అటూ ఇటూ జరుపుతుంటే కళ్ళు తిప్పి తిప్పి చూసేది. అన్నీ మూగ ఆటలే.

ఏడో నెలలో క్లినిక్‌లో నర్సు వెనకనుంచి గంట మోగిస్తే పిల్ల తిరగలేదు. చెవుల పరీక్షకు వారం తర్వాత రమ్మన్నారు. దారంతా ఏడుస్తూనే వచ్చాను. పక్కింటి ఆంటీ, తాతల నాడే విశాఖ వైపునుంచి వచ్చి స్థిరపడిన ఇంటి మనిషి, సంగతి విని నన్నే కసిరింది. "మకాన్ వేళకైనా, తిండి తినేటప్పుడైనా మీ ఇంట్లో గిన్నె చప్పుడుండదు, చప్పుడైతే తిరగాలని పిల్లకెలా తెలుస్తాది? ఎల్లు, ఏదో ఒకటి మోగించు!"

పాలపొడి డబ్బాలో గుప్పెడు కందిపప్పు పోసి, నిద్రపోతున్న ఆయన్ని ఒకసారి చూసి, ఏమైతే అదయిందని పిల్ల వెనక చేరి ఊపాను. తిరగలేదు. మళ్ళీ ఊపాను. మూడోసారికి నా బంగారుతల్లి గిరుక్కున తిరిగి బోసినోటితో నవ్వింది! మావారు ఉలిక్కిపడి లేచారు, కోప్పడతారనుకున్నాను; సంగతి చెప్పగానే డబ్బా లాక్కుని తనే ఊపడం మొదలుపెట్టారు. ఆ చప్పుళ్ళలోనే నిద్రపోవడం నేర్చుకున్నారు, పాపం. వారం తర్వాత పరీక్షలో చెవులు భేషుగ్గా ఉన్నాయన్నారు. బొమ్మల దుకాణం గడప తొక్కకుండా పిల్లను పెంచానని నలుగురిలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను, ఎందుకు చెప్పుకోకూడదు?

మొన్న కూడా ఊరుకోలేదు. వంటింట్లో డబ్బా వెతికి, కందిపప్పు పోసి ఊపాను. మనవడు మొదటిసారికే తిరిగాడు. ఆనాడు ఒకరి నిద్ర కోసం ఇల్లంతా నోరు మూసుకునేది, ఇప్పుడు ఎవరి చెవులు వాళ్ళు మూసుకుంటున్నారు. చప్పుడుకు తిరగలేదని నేనంతగా ఏడ్చిన ఆ పిల్ల, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు ఆఫీసు మీటింగులో కూర్చుంది. దాని వెనక నిలబడి, డబ్బా ఇంకాస్త గట్టిగా ఊపాను. తిరగలేదు.