సునందకు ఎట్లుంది?

నిన్న జడ్చర్ల బస్సులో ముందు సీటులో ఇద్దరు ఆడవాళ్లు తాము చదువుతున్న నవల గురించి గుసగుసగా మాట్లాడుకుంటుంటే నాకు పాత భయం గుర్తొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను రెండో తరగతి. ఒకరోజు వాకిట్లో అమ్మ, పక్కింటి అత్త పల్లికాయ ఒలుస్తున్నారు.

"సునందకు ఎట్లుందే?" అని అత్త అడిగింది.

"దవాఖానల షరీకు చేసిండ్రు వదినె. తెల్లారేదాక ఏం చెప్పలేమన్నరట," అంటూ అమ్మ కళ్లు ఒత్తుకుంది.

సునంద మా చుట్టమే అనుకున్నాను. గొర్రెలకు నీళ్లు పెడుతున్న అవ్వకు పరుగున వెళ్లి చెప్పాను. అవ్వ బొక్కెన అక్కడే వదిలేసి వచ్చింది.

"ఏ దవాఖాననే? ఆటోను పిలువుండ్రి, పోదాం."

అమ్మ, అత్త ముఖాలు చూసుకున్నారు. "గా పిల్ల పుస్తకంల పిల్ల అత్తమ్మా," అంది అమ్మ.

నాకు దెబ్బలు ఖాయమనుకున్నాను. అవ్వ నావైపు చూడనైనా లేదు. అరుగు మీద కూలబడింది.

"పుస్తకంలైతేంది, పిల్ల పిల్లనే గద. జల్ది చదువు, బతుకుతదో లేదో."

అమ్మ చేతులు దులుపుకుని పుస్తకం తెచ్చింది. సునంద బతికేదాకా మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

నిన్న బస్సు దిగేటప్పుడు ఉండబట్టలేక ఆ ఆడవాళ్లను అడిగాను.

"మీ నవలల అందరు మంచిగున్నరా?"